బల్గేరియా బాగాలేదని ఎందుకన్నానంటే

ఒరేయ్ ప్రసాదూ,

మొన్న ఫోన్లో నువ్వు "బల్గేరియా ఎలా ఉంది రా" అనడిగితే "ఏం బాగాలేదు రా" అనేసి పెట్టేశాను. నువ్వు షాపు కట్టేసే హడావుడిలో ఉన్నావు, ఇక్కడ చిన్నిది హోంవర్కు దగ్గర పేచీ పెడుతోంది. కానీ అంత పెద్ద దేశాన్ని ఆ ఒక్క ముక్కతో కొట్టిపారెయ్యడం నాకు మనసొప్పలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా చదువుకో.

కోటలన్నా పాత గుళ్ళన్నా నాకెంత పిచ్చో నీకు తెలుసు. జర్మనీ వచ్చాక పారిస్, రోమ్ లాంటివి అందరిలాగే చూశాం. బల్గేరియా మీద మాత్రం చాలా ఏళ్ళుగా మనసు లాగుతోంది. ప్రపంచంలో మనిషి నగలుగా చేసుకున్న అతి పాత బంగారం దొరికింది అక్కడే, నల్ల సముద్రం ఒడ్డున వర్ణాలో, 1972లో. ఆరు వేల ఏళ్ళ పైమాటే దాని వయసు. థ్రేసియన్లనే పాతకాలపు జాతి, రోమన్లు, తూర్పు రోమన్ల బైజాంటియం, సొంత రాజులు, ఆ తర్వాత దగ్గర దగ్గర ఐదు వందల ఏళ్ళు తురుష్కుల పాలన, ఆపైన కమ్యూనిస్టులు. ఇంత చరిత్ర ఒక్క చోట ఉంటే చూడకుండా ఎలా ఉంటాం? ఫిబ్రవరిలో పిల్లలకి కార్నివాల్ సెలవులిచ్చారు. సోఫియా, ప్లోవ్‌దివ్, వెలికో టర్నోవో చూసొద్దామని ముగ్గురం బయల్దేరాం. వర్ణా దూరమని వదిలేశాం. సరిహద్దు తనిఖీల్లేని యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో పూర్తిగా కలిశారు కాబట్టి మన పాస్‌పోర్టులు అడిగినవాళ్ళు లేరు. 2026 జనవరి 1 నుంచి యూరో కూడా వచ్చేసింది. మేం వెళ్ళినప్పుడు కొట్లో ధరల చీటీల మీద మాత్రం యూరో, వాళ్ళ పాత డబ్బు లెవా రెండూ వేసేవారు. ముసలివాళ్ళు లెవా అంకె చూసుకున్నాకే పర్సు తీసేవారు.

సోఫియా విమానాశ్రయంలో మెట్రో ఎక్కితే నేరుగా ఊరి నడిబొడ్డున దింపింది. అక్కడిదాకా ఏ లోటూ లేదు. స్టేషన్ మెట్లెక్కి పైకొచ్చేసరికి గొంతులో పొగ. ఊరిని ఆనుకునే విటోషా అనే కొండ ఉంది, 2,290 మీటర్ల ఎత్తు. సోఫియా ఫోటో ఏది చూసినా వెనకాల మంచు కప్పుకుని కనిపించేది అదే. మేమున్నన్నాళ్ళూ దాని జాడే తెలీలేదు. చుట్టూ కొండలు, మధ్య పల్లంలో ఊరు. చలికాలం గాలి కదలదు. ఇళ్ళలో కట్టెలూ బొగ్గూ కాలుస్తారు, రోడ్ల మీద పాత డీజిల్ కార్లు. ఆ పొగ పోయే దారి లేక ఊరి మీదే పేరుకుంటుంది. సాయంత్రానికే సుజాతకి దగ్గు పట్టుకుంది. దిగిన అపార్ట్‌మెంట్లో రేడియేటర్ చూస్తే చల్లగా ఉంది. ఓనరుకి ఫోన్ చేస్తే బిల్డింగంతటికీ ఒకటే పైపు, నా చేతిలో ఏం లేదన్నాడు. ఆ రాత్రి ముగ్గురం కోట్లు తియ్యకుండానే పడుకున్నాం.

పొద్దున్నే అలెగ్జాండర్ నెవ్‌స్కీ కెథడ్రల్‌కి వెళ్ళాం. 1877-78 యుద్ధంలో తురుష్కుల మీద పోరాడి చనిపోయిన సైనికుల గుర్తుగా కట్టింది. బంగారు గుమ్మటాలు. బయట నుంచి గొప్పగానే ఉంది. లోపల చీకటి, గోడ మీది బొమ్మలకి కొవ్వొత్తుల మసి పట్టి ఉంది. అక్కణ్ణుంచి నడుచుకుంటూ వెళ్తే కొన్ని నిమిషాల దూరంలోనే మసీదు, యూదుల ప్రార్థనా మందిరం సినగాగ్, ఆర్థొడాక్స్ చర్చి, కాథలిక్ చర్చి అన్నీ ఉంటాయి. ఆ సినగాగ్ చూడాలని నాకు గట్టిగా ఉండింది. రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ పక్షాన ఉండి కూడా బల్గేరియా తన యూదుల్ని, దాదాపు 48 వేల మందిని, అప్పగించలేదు. పార్లమెంటు ఉపాధ్యక్షుడు దిమితర్ పెషెవ్, చర్చి పెద్దలు స్తెఫాన్, కిరిల్ అడ్డం పడ్డారు. అదే సమయంలో తమ సైన్యం ఆక్రమించిన థ్రేస్, మాసిడోనియాల నుంచి పదకొండు వేల పైచిలుకు యూదుల్ని రైళ్ళెక్కించి పంపేశారు. వాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళు దాదాపు లేరు. ఈ రెండూ జరిగింది ఒకే ప్రభుత్వం చేతుల మీద. ఆ గోడల మధ్య కాసేపు నిలబడాలనుకున్నాను. శనివారం, ప్రార్థనల రోజు, చూడ్డానికి వచ్చినవాళ్ళని రానివ్వరు. గేటు దగ్గర నుంచే వెనక్కి తిరిగాం.

నన్ను మరీ బాధపెట్టింది ఊరి మధ్యలో ఉన్న స్నానశాల. సోఫియా పుట్టిందే వేడినీటి ఊటల వల్ల. రోమన్లు సెర్దికా అని పిలిచి ఇక్కడ ఊరు కట్టుకుంది ఆ నీళ్ళ కోసమే. ఆ ఊటల మీద ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒక పెద్ద స్నానశాల కట్టారు. చారల గోడలు, రంగురంగుల పింగాణీ పెంకులు, ఎంత అందమైన భవనం రా! పేదా గొప్పా అని లేకుండా ఊరంతా వచ్చి వేడినీళ్ళు పోసుకున్న చోటు. 1986లో స్నానాలు ఆపేశారు. 2015 నుంచి అది మ్యూజియం. అద్దాల బీరువాలు, చీటీలు, కుర్చీలో కూర్చుని చూసే ఒక కాపలా ఆవిడ. భూమిలోంచి వేడినీళ్ళు వాటంతటవే పైకొస్తున్న ఊళ్ళో, ఆ నీళ్ళ కోసమే కట్టిన ఇంట్లో నీళ్ళు లేకుండా చెయ్యడానికి వాళ్ళకి చేతులెలా వచ్చాయో. భవనం కూలిపోకుండా కాపాడారు, అది మంచిదే. కానీ దాని పని దానికి తిరిగి ఇవ్వాల్సింది.

నీళ్ళు మాత్రం బయట ఉన్నాయి. పక్కనే వరసగా కుళాయిలు పెట్టారు, ఊళ్ళో వాళ్ళు డబ్బాలతో వచ్చి ఊరికే పట్టుకుపోతారు. మేం వెళ్ళేసరికి ఒక ముసలాయన రెండు ప్లాస్టిక్ డబ్బాలు నింపుకుంటున్నాడు. మూతలు పోకుండా పిడికి దారంతో కట్టుకున్నాడు. డబ్బా నిండేలోపు చలికి కందిపోయిన వేళ్ళని ధార కింద పెట్టి వెచ్చబెట్టుకుంటున్నాడు. నీళ్ళు పడినచోటల్లా రాయి తుప్పు రంగుకి తిరిగింది. చిన్నిదాన్ని చూసి పక్కకి జరిగి, చెయ్యి పెట్టమని సైగ చేశాడు. తాగొచ్చా అని నేను దోసిలి పట్టి చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. బల్గేరియాలో అలా ఊపితే అవుననే. తాగాను. వేడిగా, మామూలు నీళ్ళకంటే కొంచెం తేడా రుచిగా ఉన్నాయి. చిన్నిది పదిసార్లు చేతులు కడుక్కుంది. సోఫియాలో ఏం చూశావని ఎవరైనా అడిగితే అది ఇప్పటికీ ఆ కుళాయి సంగతే చెప్తుంది.

ఊరి చివర విటోషా కిందే బోయానా చర్చి ఉంది. యునెస్కో 1979లోనే గుర్తించింది. లోపల గోడల మీద 1259లో వేసిన బొమ్మలు. చలిలో బయట నిలబడితే కొద్దిమందిని లోపలికి పంపి, పది నిమిషాలవగానే బయటికి రమ్మన్నారు. మనం వదిలే ఊపిరిలో తడికి రంగులు పాడవుతాయట, అందుకని ఆ నియమం. అది న్యాయమేనని ఒప్పుకుంటాను. కానీ ప్రసాదూ, ఆ పది నిమిషాల్లో ఏం చూస్తాం! దెసిస్లావా అని ఆ చర్చి కట్టించిన ప్రభువు భార్య బొమ్మ ఉంది. తల మీద కిరీటం, ముదురు రంగు బట్టలు, పాలిపోయిన మొహం. ఆ కళ్ళు దేవుణ్ణి చూస్తున్నట్టు లేవు, ఇంట్లో ఏదో సంగతి తలచుకుంటున్నట్టు ఉన్నాయి. ఇటలీ వాళ్ళు మనిషిని మనిషిలా గియ్యడం మేమే మొదలెట్టామంటారు. వాళ్ళ గొప్ప చిత్రకారుడు జొట్టో అప్పటికి పుట్టనేలేదు. యేసు కడరా భోజనం బొమ్మలో బల్ల మీద వెల్లుల్లి, ముల్లంగి పెట్టారు, ఊళ్ళో వాళ్ళు తినేవే. సుజాతకి అది చూపించేలోపే గైడమ్మ తలుపు తీసింది. టిక్కెట్టు ఇంకోసారి కొంటానన్నాను. తర్వాతి గుంపులకి చోటు లేదన్నారు.

ప్లోవ్‌దివ్‌కి రైల్లో వెళ్ళాం. ఆలస్యం, మసిబారిన కిటికీలు, దాని గురించి ఇంకేం చెప్పను. యూరప్‌లో జనం విడవకుండా ఉంటున్న అతి పాత ఊళ్ళలో అదొకటి. 2019లో యూరప్ సాంస్కృతిక రాజధానిగా కూడా పెట్టారు. రోమన్ల నాటి నాటకశాల ఉంది, 1970లలో తవ్వి బయటికి తీశారు. పాలరాతి మెట్ల మీద కూర్చుంటే రంగస్థలం స్తంభాల మధ్య నుంచి దూరంగా రొడోపీ కొండలు కనపడాలి. ఆ రోజు పొగమంచు, సగం స్తంభాలే కనపడ్డాయి. సరిగ్గా దాని కిందనుంచే సొరంగంలో రోడ్డు పోతుంది. మంచి ఎండలో, నాటకం ఆడుతుంటే ఎంత బాగుండేదో.

మెయిన్ బజారు కింద రోమన్ల స్టేడియం ఉంది రా. 240 మీటర్ల పొడుగు, ముప్ఫై వేల మంది పట్టేవారు. ఒక కొసన కొన్ని మెట్లు మాత్రం బయటికి తీశారు. మిగతాదంతా బట్టల కొట్లు, చెప్పుల కొట్లు, ఐస్‌క్రీం కొట్ల కిందే ఉండిపోయింది. జనం దాని మీద నడుస్తూ పోతున్నారు. నేను కమ్మీ పట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డాను. మార్కోవో తెపె అనే కొండ సంగతి ఇంకా అన్యాయం. ఊరికి ఏడు కొండలని పేరు, ఇప్పుడు ఆరే ఉన్నాయి. ఏడోదాన్ని రోడ్లకి రాళ్ళ కోసం పగలగొట్టి పగలగొట్టి నేలమట్టం చేసేశారు. అది ఉన్నచోట ఇప్పుడు మాల్ ఉంది. మన వైపు క్వారీల్లో కరిగిపోతున్న కొండల్ని చూస్తూ పెరిగినవాణ్ణి, ఆ మాల్ ముందు నాకు కాళ్ళు కదల్లేదు.

పాత ఊళ్ళో వర్తకుల ఇళ్ళు చాలా బాగుంటాయి. పై అంతస్తులు రోడ్డు మీదికి పొడుచుకొచ్చి, నీలం, ఎరుపు గోడల మీద పూల లతలు. కొన్ని మరమ్మతని మూసి ఉన్నాయి, కొన్ని సోమవారమని మూసి ఉన్నాయి. నున్నటి గుండ్రాళ్ళ వీధులు, సన్నని చినుకు, పాపం సుజాత రెండుసార్లు జారింది. అక్కడ మాకు దొరికిన సుఖమల్లా తిండే. పొద్దున్నే బేకరీలో బనిట్సా, పల్చటి పొరల మధ్య ఉప్పటి జున్ను పెట్టి కాల్చింది, వేడివేడిగా. పెరుగైతే మా అమ్మ తోడుపెట్టిన గడ్డపెరుగే. యూరప్‌లో ఇన్నేళ్ళలో అలాంటి పెరుగు ఇంకెక్కడా తినలేదు. ఆ పెరుగులో ఉండే సూక్ష్మజీవిని 1905లో కనిపెట్టింది కూడా స్తామెన్ గ్రిగొరోవ్ అనే బల్గేరియన్ డాక్టరే. దానికి ఆ దేశం పేరే పెట్టారు.

ఇక టర్నోవో. నేను అసలు వెళ్ళింది దీనికోసమే. 1185 నుంచి 1393 దాకా బల్గేరియా రాజధాని. యాంత్రా నది మెలికలు తిరుగుతూ కొండని చుట్టుకుపోతుంది, ఆ కొండ మీద త్సారెవెట్స్ కోట. మూడు నెలలు ముట్టడించి 1393 జులైలో తురుష్కులు దాన్ని పట్టుకున్నారు. అదే ఏడు మన కొండవీట్లో కుమారగిరి రెడ్డి ఉన్నాడు, వసంతోత్సవాలు చేసి వసంతరాయలనిపించుకున్నవాడు. బస్సులో అంతసేపూ అదే తలచుకుంటూ కూర్చున్నాను.

తీరా వెళ్ళి చూస్తే, కోట కొత్తది రా. 1930లో మొదలెట్టి, రాజ్యం పుట్టి 1300 ఏళ్ళయిన సందర్భానికి 1981లో పూర్తి చేశారు. గోడలు, బురుజులు చాలావరకు మళ్ళీ కట్టినవే. బాల్డ్విన్ బురుజు అని ఒకటి ఉంది. 1205లో యుద్ధంలో పట్టుబడ్డ కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి బాల్డ్విన్‌ని బంధించింది అక్కడేనంటారు. కానీ ఇప్పుడు నిలబడి ఉన్నది 1930లలో ఇంకో కోట బురుజు చూసి కట్టింది. కొండ శిఖరాన వాళ్ళ పెద్ద మతగురువు పేట్రియార్క్ చర్చి. ఆయాసపడుతూ ఎక్కాను. తలుపు తీసి లోపలికి అడుగుపెడితే దీపం లేదు, సాంబ్రాణి లేదు, దండం పెట్టేవాడు లేడు. గోడల నిండా తెయొఫాన్ సొకెరోవ్ 1985లో పూర్తి చేసిన ఆధునిక చిత్రాలు. బూడిద రంగు మనుషులు, పొడుగాటి మొహాలు, అక్కడక్కడ నెత్తురు రంగు. ఆ చిత్రాలు చెడ్డవని అనను. ఆ జాతి పడ్డ బాధ ఆయన గుండెలోంచే వచ్చింది, వేరే చోట చూస్తే గంటసేపు నిలబడేవాణ్ణి. కానీ ఏడువందల ఏళ్ళ కిందటి గోడని తాకుదామని వెళ్ళినవాడికి నా వయసు కూడా లేని గోడ దొరికితే ఎలా ఉంటుందో ఆలోచించు.

మనం తొమ్మిదో తరగతిలో కొండవీడు ఎక్కింది గుర్తుందా? అప్పటికి ఘాట్ రోడ్డు లేదు. సీతాఫలం చెట్ల మధ్య నుంచి పోతే సగం కూలిన గోడ, ఎవరూ సర్దని రాళ్ళు. ఆ రాళ్ళ మీద చెయ్యి పెట్టి మీ నాన్నగారు "ఇవి రెడ్డిరాజులు పేర్పించినవి రా" అంటే ఒళ్ళు జలదరించింది. పడిపోయినదాన్ని పడిపోయినట్టుగానే కాపాడాలి. పడనివ్వకుండా చూడు, గడ్డి పీకు, చీటీ పెట్టు, అంతే. మళ్ళీ కట్టేస్తే అది మన కాలపు గోడే అవుతుంది. కొండవీటికి ఎవరైనా ఇలాంటి ప్లాను వేస్తే నువ్వు ఊరుకోవద్దు.

కోట దిగి ఊళ్ళోకి వచ్చాక ఇంకొకటి చూశాను. అసలు ఇది చెప్పడానికే ఈ ఉత్తరం మొదలెట్టానేమో. బల్గేరియాలో ఎవరైనా పోతే కాగితం మీద ఫోటో, పేరు, వయసు, నాలుగు మాటలు అచ్చువేసి ఇంటి తలుపుకి, కరెంటు స్తంభానికి, బస్టాపుకి అంటిస్తారు. నలభయ్యో రోజుకి, ఆరు నెలలకి, ఏడాదికి, పదేళ్ళకి మళ్ళీ కొత్త కాగితం. మన శ్రద్ధాంజలి ఫ్లెక్సీలకి నాలుగు రోజులే ఆయుష్షు, ఇవి ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటాయి. నది వైపు దిగే ఒక సందులో ఒక ఇంటి తలుపుకి మూడున్నాయి. ముసలాయనది, పక్కన ముసలావిడది, కింద ఇంకో ఆవిడది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి మేకులు కొట్టారు. వాన నీళ్ళు లోపలికి దిగి ముసలావిడ బుగ్గ దగ్గర సిరా నీలంగా పాకింది. తలుపుకి తాళం. తాళం తుప్పు పట్టింది. పక్క ఇంటికీ తాళమే. ఆ సందు పొడుగునా పొగ వచ్చే గొట్టం ఒక్కటే కనపడింది.

1980ల చివర్లో ఆ దేశ జనాభా దాదాపు 90 లక్షలు. 2021 లెక్కల్లో 65 లక్షలు. యుద్ధం లేదు, కరువు లేదు. పుట్టేవాళ్ళు తగ్గారు, పుట్టినవాళ్ళు జర్మనీకి, స్పెయిన్‌కి, ఇంగ్లండ్‌కి వెళ్ళిపోయారు. 2007లో యూరోపియన్ యూనియన్‌లో చేరాక దారి ఇంకా తేలికైంది. నేను పనిచేసే చోట ఇద్దరు బల్గేరియన్లున్నారు, నా పక్క డెస్కులే. ఇన్నాళ్ళూ మీ ఇంట్లో ఎవరుంటున్నారని వాళ్ళని అడగాలని తోచలేదు. ఈసారి అడిగాను. ఒకడు ఫోన్ తీసి ఖాళీ ఇల్లు చూపించాడు. అత్తిచెట్టు ఉంది, వేసవిలో వెళ్ళి పళ్ళు కోసుకొస్తానన్నాడు.

ఆ సందులో నిలబడ్డప్పుడు నాకు మా ఊరే కళ్ళ ముందుకొచ్చింది. మా వీధిలో ఎన్ని ఇళ్ళకి తాళాలు పడ్డాయో నువ్వే చూస్తున్నావు. కోటేశ్వరరావు మాస్టారింటి పిల్లలు డాలస్, సుబ్బమ్మత్త కొడుకు మెల్‌బోర్న్, నేను ఇక్కడ. ఆ దేశం మీద నాకు కోపం రాలేదు, బెంగ పట్టుకుంది. సుజాతతో కూడా అనలేదు, నీకే చెప్తున్నాను.

వచ్చే ఏడు నువ్వు, వదిన, పిల్లలు వస్తామన్నారు కదా, బల్గేరియా మానుకోమని మాత్రం చెప్పను. చలికాలం వద్దు. మే, జూన్‌లో అయితే విటోషా కనపడుతుంది, గులాబీ తోటలు పూసి ఉంటాయి, నాటకశాలలో ప్రదర్శనలుంటాయి. సోఫియాలో బోయానాకి ముందుగానే టైం బుక్ చేసుకోండి. ప్లోవ్‌దివ్‌లో సోమవారం ఉండొద్దు. త్సారెవెట్స్ పిల్లలకి నచ్చుతుంది, పరిగెత్తడానికి బోలెడు చోటు. నువ్వు మాత్రం కోట కింద ఉన్న నలభై మంది అమరుల చర్చి చూడు. అందులో 1230 నాటి ఇవాన్ అసెన్ రాజు శాసన స్తంభం ఉంది, నిజమైన పాత రాయి. నేను అక్కడ చాలాసేపు ఉన్నాను. ఆ ప్రయాణంలో కడుపు నిండింది అదొక్కచోటే.

ఎక్కడ చూసినా ఎరుపు తెలుపు దారాల బొమ్మలు అమ్ముతున్నారు, మార్తెనిత్సాలు. మార్చి 1న చేతికి కట్టుకుని, కొంగనో పూసిన చెట్టునో చూసేదాకా ఉంచుకుంటారు. చిన్నిది మీ ఇద్దరు పిల్లలకీ కొంది, కవర్లో పెట్టాను. అందేసరికి మార్చి దాటిపోతుందేమో, అయినా కట్టెయ్యండి.

మీ నాన్నగారి కంటి ఆపరేషన్ ఎలా అయింది? చుక్కల మందు మానేస్తున్నారని వదిన అంది, నేను ఫోన్ చేసి చెప్తానులే. ఇంకొక పని. షాపు సామాను కోసం సత్తెనపల్లి వెళ్ళినప్పుడు మా అమ్మ దగ్గరికి ఒకసారి వెళ్ళు. వరండాలో లైటు పోయి పది రోజులైందట, నాకు నిన్న చెప్పింది. నిచ్చెనెక్కి తనే మారుస్తానంటోంది. నువ్వే వెళ్ళి మార్చు, వెళ్ళినవాడివి భోజనం చేసి రా.

నీ
రాఘవ